నొక్కితేనే తెగుతోందంటే రంపం ఆపవలసిందే

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్లలో, ముఖ్యంగా జీడితోటలూ సరుగుడు తోటలూ ఉన్నవారి ఇళ్లలో, పెట్రోలుతో నడిచే చైన్ రంపం ఇప్పుడు గొడ్డలి పక్కన చేరింది. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుఫాను, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల మీద విరుచుకుపడిన తిత్లీ వేలాది చెట్లను కూల్చినప్పుడు, రోడ్లకు అడ్డంగా పడిన మానులను ఒడ్రాఫ్ (ఒడిశా ప్రభుత్వ విపత్తు సహాయ) దళాలూ అగ్నిమాపక సిబ్బందీ ఈ రంపాలతోనే కోసి దారి ఇచ్చారు. గొడ్డలితో పూట పట్టే పని ఈ యంత్రంతో నిమిషాల్లో పూర్తవుతుందని అప్పుడు చాలామంది కళ్లారా చూశారు. నేడు పెళ్లిళ్ల వంటలకైనా, బెల్లం పొయ్యిలకైనా, ఇంటి పొయ్యికైనా కట్టెలు కోయించేవారు రంపం ఉన్న మనిషి కోసమే వాకబు చేస్తున్నారు.

కొన్నవారి నోట కొద్ది వారాలకే వినిపించే ఫిర్యాదు దాదాపు ఒకటే. కొత్తలో ఇట్టే దిగిన రంపం ఇప్పుడు మొరాయిస్తోందనీ, ఎంత రేస్ ఇచ్చినా దుంగ తెగడం లేదనీ, ఇంజిను బలం పడిపోయిందనీ చెబుతూ దానిని మెకానిక్కు దగ్గరికి తీసుకువెళతారు. ఆయన కార్బొరేటరు మరలు తిప్పుతాడు, ప్లగ్గు మారుస్తాడు, ఒక్కొక్కసారి పిస్టన్ రింగుల దాకా వెళతాడు. డబ్బు ఖర్చవుతుంది, రంపం మాత్రం అలాగే ఉంటుంది. చాలా సందర్భాల్లో అసలు జబ్బు ఇంజినులో ఉండదు. చైను పళ్ల మీద, ఆ చైనుకు అందవలసిన నూనెలో, దాని బిగువులో ఉంటుంది.

ఈ విషయం పట్టుబడితే మిగిలిన చిక్కుముళ్లు చాలావరకు విడిపోతాయి. పూర్తి రేస్‌లో ఉన్న రంపాన్ని దుంగ మీద ఆనించి వదిలితే, అది తన బరువుతో తానే దిగాలి. కోసే మనిషి చేయవలసింది దానిని నిటారుగా పట్టుకుని దారి చూపడమే. చేతులతో నొక్కవలసి వచ్చిందంటే ఎక్కడో ఏదో తప్పు జరిగింది. ఆ సంగతి పట్టించుకోకుండా నొక్కుతూ పోతే క్లచ్ వేడెక్కి అరుగుతుంది, బారు (చైను తిరిగే పొడవాటి ఉక్కు పలక) అంచులు కమిలిపోతాయి, పెట్రోలు వృథా అవుతుంది. వీటన్నిటికంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. నొక్కుతున్న మనిషి శరీరం ముందుకు వాలి ఉంటుంది కనుక, దుంగ ఒక్కసారిగా తెగినప్పుడు గాని రంపం ఎగిరినప్పుడు గాని తనను తాను నిలదొక్కుకోలేడు. పదును లేని రంపం వల్ల పని సాగదు కాబట్టి దానివల్ల ప్రమాదం కూడా తక్కువేనని అనుకోవడం తప్పు.

ఇంజిను ఆపి, ప్లగ్గు మీది టోపీ ఊడదీసి, చేతులకు మందపాటి గ్లోవ్స్ వేసుకుని, చైనులోని ఒక్క పన్నును ఎండ వెలుతురులో దగ్గరగా పట్టి చూడండి. పన్నుకు ముందు ఒక చిన్న బొడిపె, దాని వెనుక ఖాళీ, ఆ వెనుక పైకి లేచి ఒక పక్కకు వంగిన పలక కనిపిస్తాయి. పలక పై అంచూ పక్క అంచూ కలిసే మూల ముందుగా చెట్టు పీచును అడ్డంగా తెంచుతుంది. తెగిన పీచును పై అంచు అడుగు నుంచి లేపి బయటికి తోస్తుంది. ఒక్కొక్క పన్ను ఎంత లోతుకు దిగాలో నిర్ణయించేది ముందున్న బొడిపె. వడ్రంగి చిత్రికలో ఉలి ఎంత బయటికి వస్తే పొర అంత మందంగా లేస్తుంది కదా, ఇక్కడ కూడా బొడిపెకూ పన్ను అంచుకూ మధ్య ఉన్న ఎత్తు తేడాయే పొర మందాన్ని శాసిస్తుంది. సాధారణంగా ఆ తేడా 0.65 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. పళ్లు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంగి ఉంటాయి కాబట్టి కోత దారి బారు మందం కంటే వెడల్పుగా తయారవుతుంది, బారు అందులో ఇరుక్కోకుండా సాగుతుంది. 1946లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు, ఒక మోడులో పురుగు పిల్ల తన దవడలతో ఎడమకూ కుడికీ కొరుకుతూ గట్టి కర్రలో సునాయాసంగా దారి చేసుకోవడం గమనించి, ఆ పద్ధతిలో ఈ పన్నును రూపొందించాడు. మరుసటి ఏడాది దానిని తయారు చేసే సంస్థను స్థాపించాడు. నేటి చైన్లలో అత్యధికం ఆ నమూనా నుంచి వచ్చినవే.

పదును ఉందో లేదో తెలుసుకోవడానికి పన్నును వేలితో తాకి చూడనక్కరలేదు, కాళ్ల దగ్గర పడుతున్న పొట్టును చూస్తే చాలు. పదునైన చైను నుంచి గోరు ముక్కలంత పేళ్లు రాలుతాయి, పిడికిట్లోకి తీసుకుంటే వేళ్లకు గరగరమని తగులుతాయి. మొద్దుబారిన చైను నుంచి మెత్తటి పొడి రాలుతుంది, గాలికి లేచి కళ్లలో పడుతుంది. పొడితో పాటు కోత దగ్గర పొగ, కాలిన వాసన కూడా వస్తుంటే ఆ చైను కోయడం మానేసి రాచుకుంటోందన్నమాట. ఇంకొక గుర్తు కూడా ఉంది. నిలువుగా దిగవలసిన కోత వంకర తిరిగి ఒక పక్కకు పోతుంటే, ఆ పక్క పళ్లకూ రెండవ పక్క పళ్లకూ పొడవులోనో పదునులోనో తేడా వచ్చిందని అర్థం. అది బారు వంగడం వల్లనని కొందరు కొత్త బారు కొంటారు. బారు అంచులు ఒకవైపు ఎక్కువ అరిగినా కోత వంకరపోయే మాట నిజమే గాని, ముందు అనుమానించవలసింది పళ్లనే.

పదును పెట్టడం బజారులో చేయించుకునే పని కాదనీ, రంపం పట్టే ప్రతి మనిషీ తానే నేర్చుకోవలసిన పని అనీ నా గట్టి అభిప్రాయం. గ్రైండరు చక్రం మీద పెట్టి చేసే పదును తొందరగా అవుతుంది గాని, చేయి అలవాటు లేనివాడు పన్నును ఎర్రగా కాల్చేస్తాడు. నీలం రంగు తిరిగిన పన్ను పదును నిలుపుకోలేదు. గుండ్రటి ఆకురాయితో చేతిపదును పెట్టడం అంతకంటే చవక, మేలు కూడా. ఆకురాయి లావు చైను కొలతను బట్టి ఉండాలి. 0.325 అంగుళాల పిచ్ (చైను లంకెల మధ్య దూరాన్ని తెలిపే కొలత) ఉన్న చైనుకు 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి, మామూలు 3/8 అంగుళాల చైనుకు 5.2 లేదా 5.5 మిల్లీమీటర్లది, చిన్న రంపాలకు వచ్చే తక్కువ ఎత్తు 3/8 చైనుకు 4 మిల్లీమీటర్లది సరిపోతాయి. పిచ్ సంఖ్య తరచుగా బారు మొదట్లో చెక్కి ఉంటుంది. మన బజార్లలో ఎక్కువగా కనిపించే 52, 58 సీసీ రంపాలకు రెండు రకాల చైన్లూ వస్తున్నాయి కాబట్టి, దుకాణంలో అందిన ఆకురాయిని తెచ్చుకోకుండా ఆ సంఖ్య చూసి కొనాలి. సన్నని ఆకురాయి పన్ను అడుగును తవ్వేసి అంచును బలహీనం చేస్తుంది, లావుది అంచును వెనక్కి వాల్చి మొద్దు చేస్తుంది.

బారును ఒక మోడు మీద కదలకుండా బిగించి, చైనును కాస్త బిగువు చేసి, అన్నిటికంటే పొట్టిగా అరిగిన పన్ను దగ్గర మొదలు పెట్టాలి. ఆకురాయిని పన్ను లోపలి వైపు నుంచి బయటికి మాత్రమే తోయాలి. వెనక్కి లాగేటప్పుడు పన్నుకు తాకకుండా పైకెత్తాలి. ఆకురాయి మందంలో అయిదవ వంతు పన్ను అంచు కంటే పైకి కనిపించేటట్లు పట్టుకోవాలి. చాలా చైన్లకు, బారుకు లంబంగా ఉండే అడ్డగీత నుంచి 30 డిగ్రీల వాలు సరిపోతుంది, పన్ను మీద దానికి గీత కూడా చెక్కి ఉంటుంది. మూడు నాలుగు తోపులకే పదును వస్తే అంతటితో ఆపి, ఒక పక్క పళ్లన్నిటికీ అన్నే తోపులు తోసి, ఆ తరువాత రంపాన్ని తిప్పి రెండవ పక్క మొదలు పెట్టాలి. పదును వచ్చిందనే దానికి కంటికి కనిపించే ఆధారం ఒకటి ఉంది. మొద్దుబారిన అంచు మీద వెలుతురు పడితే సన్నని తెల్లటి గీత మెరుస్తుంది. సరిగా పదునెక్కిన అంచుకు మందం ఉండదు కనుక వెలుతురును తిప్పికొట్టదు. ఆ గీత మాయమయ్యేదాకా తోయాలి, మాయమయ్యాక ఆపాలి.

చాలామంది మరిచిపోయేది బొడిపె సంగతి. పదును పెట్టిన ప్రతిసారీ పన్ను కొద్దిగా వెనక్కి జరుగుతుంది, దాని పైభాగం వెనక్కి వాలుగా ఉంటుంది కనుక అంచు ఎత్తు కూడా తగ్గుతుంది. బొడిపె మాత్రం తన ఎత్తులోనే ఉండిపోతుంది. కొన్నాళ్లకు పన్ను అద్దంలా మెరుస్తున్నా రంపం దిగదు, ఎందుకంటే బొడిపె దానిని కర్రకు తగలనివ్వదు. మూడు నాలుగు సార్లు పదును పెట్టిన తరువాత ఒకసారి గేజు పలకను చైను మీద ఉంచి, దాని చీలికలోంచి పైకి వచ్చిన బొడిపె భాగాన్ని చదును ఆకురాయితో రుద్ది, ముందు అంచును కొద్దిగా గుండ్రం చేయాలి. ఈ పనిలో అత్యాశకు పోకూడదు. బొడిపెను మితిమీరి తగ్గిస్తే పన్ను ఎక్కువ లోతు కొరికి, రంపం అదురుతూ చేతులను లాగేస్తుంది, వెనక్కి ఎగిరే ప్రమాదం పెరుగుతుంది. పన్ను పలక పొడవు 4 మిల్లీమీటర్లకు తగ్గాక ఇక పదును పెట్టకుండా చైను మార్చాలి.

ఎన్ని గంటలకు ఒకసారి పదును పెట్టాలనే ప్రశ్నకు గడియారం జవాబు చెప్పలేదు, కోస్తున్న కర్రా దానికి అంటిన మట్టీ చెబుతాయి. సరుగుడు బరువైన గట్టి కర్ర. చింత అంతకంటే మొండిది. నీలగిరి పచ్చిగా ఉన్నప్పుడు సులువుగా తెగి, ఎండిన కొద్దీ రాటుదేలుతుంది. జేకేపూర్ కాగితపు మిల్లు 1962 నుంచి నడుస్తున్న రాయగడ ప్రాంతంలో నీలగిరి, సరుగుడు, సుబాబుల్ పెంచే రైతులు కట్టెలకు మిగిలే కొమ్మలనూ మొదళ్లనూ పచ్చిమీదే కోసుకుని, ఆ తరువాత ఎండబెట్టుకోవడం రంపానికి మంచిది. కోసిన ముక్కలు మాను కంటే తొందరగా ఎండుతాయి కాబట్టి పొయ్యికీ అదే మంచిది. తుఫానుకు కూలిన కొబ్బరి, తాటి మానులు వేరే లెక్క. వాటి పీచులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, పైగా పీచు చైను కవరులో చుట్టుకుంటుంది. ఒక్క మాను పూర్తయ్యేలోగా చైను మొద్దుబారినా ఆశ్చర్యపోనక్కరలేదు. వీటన్నిటికంటే చైనుకు ఎక్కువ హాని చేసేది నేల. తిరుగుతున్న చైను ఒక్క క్షణం మట్టిని తాకితే, గంట పని చేసినా పోని పదును పోతుంది. కొండ మీద నుంచి ఈడ్చుకు వచ్చిన దుంగ బెరడులో గులకరాళ్లు ఇరుక్కుని ఉంటాయి, కోయవలసిన చోట కత్తితో బెరడు చెక్కేస్తే ఆ బాధ తప్పుతుంది. పశువులను కట్టేసిన చెట్లలోనూ, కంచె తీగ బిగించిన చెట్లలోనూ, పెరటి వేపలోనూ మేకులు దాగి ఉంటాయి. కర్ర మీద నల్లటి నీలి మచ్చ కనిపిస్తే లోపల ఇనుము ఉందని అనుమానించాలి.

కట్టెల కోసమే రంపం వాడేవారు చైను కొనేటప్పుడు పన్ను మూల కాస్త గుండ్రంగా ఉన్న రకం అడగడం మంచిది. చదరపు మూల ఉన్న రకం శుభ్రమైన పచ్చి కర్రలో వేగంగా దిగుతుంది గాని మట్టి తగిలితే వెంటనే చెడుతుంది. మన దుంగలు శుభ్రంగా ఉండవు కాబట్టి వేగంలో కొద్దిగా నష్టపోయినా గుండ్రటి మూలే మనకు లాభం.

ఇక నూనె సంగతి. ఈ యంత్రంలో రెండు వేరువేరు నూనెలు వేరువేరు పనులు చేస్తాయి, వాటిని కలగలిపి మాట్లాడుకోవడం వల్లే చాలా పొరపాట్లు జరుగుతున్నాయి. మొదటిది పెట్రోలులో కలిపే టూ-టీ ఆయిలు. రంపాన్ని నిలువుగా, అడ్డంగా, పక్కకు వాల్చి ఎలాగైనా నడపాలి కాబట్టి దీని ఇంజినుకు స్కూటరుకు ఉండే నూనె తొట్టి ఉండదు. పెట్రోలుతో కలిసి వెళ్లే నూనె మాత్రమే పిస్టనునూ బేరింగులనూ కాపాడుతుంది. రెండవది బారు పక్కనున్న వేరే ట్యాంకులో పోసే చైను నూనె. చైను తిరిగినంతసేపూ ఒక చిన్న పంపు దానిని బారు గాడిలోకి తోస్తుంది, అది పొట్టుతో కలిసి బయటికి పోతుంది, తిరిగి రాదు. పెట్రోలు ట్యాంకు ఒకసారి ఖాళీ అయ్యేసరికి చైను నూనె ట్యాంకు కూడా దాదాపు ఖాళీ కావాలి. పెట్రోలు అయిపోయినా నూనె అలాగే ఉందంటే సంతోషించవలసిన విషయం కాదు. నూనె దారి మూసుకుపోయి చైను పొడిగా తిరిగిందన్నమాట. రంపం ముక్కును, అంటే బారు కొసను, ఒక తెల్లటి చెక్క ముందు జానెడు దూరంలో పట్టి రేస్ ఇస్తే, చెక్క మీద సన్నని నూనె చార పడాలి. పడకపోతే కవరు విప్పి, నూనెలో నాని గట్టిపడిన పొట్టును గీకి, బారు మొదట్లో ఉండే నూనె రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేయాలి.

మోటారు సైకిలు నుంచి తీసిన నల్లటి పాత ఆయిలును చైనుకు పోయడం మన వైపు మామూలైపోయింది. అందులో అరిగిన లోహపు రజను ఉంటుంది, అది పంపునూ బారు గాడినీ తినేస్తుంది. పైగా చైను నుంచి చిందే ఆ నూనె గంటల తరబడి చేతుల మీద, బట్టల మీద పడుతుంది, చర్మానికి అది మంచిది కాదు. జిగురుగా అంటుకుని ఉండే చైను ఆయిలు దొరికితే అదే వాడాలి. దొరకని రోజున కొత్త ఇంజిను ఆయిలైనా పోయవచ్చు గాని పాతది మాత్రం వద్దు.

చైను బిగువును కొలవడానికి పరికరమేమీ అక్కరలేదు. బారు నట్లను కొద్దిగా వదులు చేసి, బారు ముక్కును పైకెత్తి పట్టుకుని, బిగువు మరను తిప్పాలి. ముక్కును ఎత్తకుండా బిగిస్తే పని మొదలవగానే చైను మళ్లీ వేలాడుతుంది. బారు అడుగున చైను ఎక్కడా జారకుండా అంటి ఉండాలి, అయినా గ్లోవ్స్ వేసుకున్న చేతితో లాగితే ఆటంకం లేకుండా తిరగాలి. కొత్త చైను మొదటి గంటలో బాగా సాగుతుంది కాబట్టి ఒకటి రెండు సార్లు చూసుకోక తప్పదు. వేడి మీద బిగించిన చైనును పని అయ్యాక వదులు చేయడం మరవకూడదు. చల్లారేటప్పుడు అది కురచబారి బారునూ ఇంజిను బేరింగులనూ గట్టిగా లాగుతుంది. పదును పెట్టినప్పుడల్లా బారును తలకిందులుగా తిప్పి బిగిస్తే రెండు అంచులూ సమానంగా అరుగుతాయి. అంచుల మీద బయటికి లేచిన ఇనుప పొరలను చదును ఆకురాయితో తీసేయాలి.

పెట్రోలు విషయంలో ఈ మధ్య కొత్త జాగ్రత్త ఒకటి వచ్చి చేరింది. దేశంలో 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది, నేడు బంకుల్లో దొరికేది ఎక్కువగా అదే. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వంశధార, మహేంద్రతనయ లోయల వానాకాలపు తేమలో, మూత సరిగా పట్టని డబ్బాలో వారాల తరబడి నిలవ ఉన్న పెట్రోలులో నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగుతాయి. టూ-టీ ఆయిలు పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకు అడుగు నుంచి పీల్చే గొట్టం ఆ నూనె లేని ద్రవాన్ని ఇంజినులోకి పంపితే పిస్టను పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు. అందువల్ల ఆ వారానికి కావలసినంతే కలుపుకోవాలి, నెల దాటిన మిశ్రమాన్ని రంపంలో పోయకూడదు. కొన్ని నెలలు పక్కన పెట్టే ముందు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిను దానంతట అది ఆగేదాకా నడిపి, కార్బొరేటరును పొడిగా ఉంచాలి. నిష్పత్తి సంగతి యంత్రంతో వచ్చిన పుస్తకం చెబుతుంది. 50కి 1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు, 40కి 1 అంటే 25 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40 మిల్లీలీటర్లు. సీసా మూతతో అంచనాగా పోయకుండా మందుల దుకాణంలో దొరికే కొలత గ్లాసుతో పోసి, డబ్బాను బాగా కుదిపి, ఆ తరువాతే ట్యాంకులో నింపాలి. వేడిగా ఉన్న ఇంజినులో పెట్రోలు పోయకూడదు. నింపిన చోటు నుంచి కనీసం మూడు మీటర్లు దూరం జరిగి స్టార్టు చేయాలి.

పదునూ నూనే బిగువూ అన్నీ సరిగా ఉన్నా రంపం దిగకపోతే అప్పుడు ఇంజినును అనుమానించడం న్యాయం. ముందుగా చూడవలసింది గాలి ఫిల్టరు. ఎండిన నీలగిరి పొడి అందులో పేరుకుంటే ఇంజినుకు ఊపిరాడదు, నల్లటి పొగ వస్తుంది, రేస్ అందుకోదు. ఫిల్టరును విప్పి మెల్లగా తట్టి, సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక బిగించాలి. ప్లగ్గు మొనల మధ్య ఖాళీ సాధారణంగా అర మిల్లీమీటరు ఉండాలి. సిలిండరు చుట్టూ ఉన్న రెక్కల మధ్య పొట్టు ఇరుక్కుంటే గాలి తగలక ఇంజిను వేడెక్కుతుంది, దానిని చెక్క పుల్లతో గీకి తీయాలి. రేస్ వదిలినప్పుడు కూడా చైను తిరుగుతూనే ఉంటే ఐడ్లింగు ఎక్కువగా ఉందని గాని క్లచ్ స్ప్రింగు బలహీనపడిందని గాని అర్థం. ఆ రంపంతో ఆ రోజు పని చేయకూడదు.

ఇంతవరకు చెప్పినది రంపం సంగతి. కోత మొదలయ్యాక దుంగలో దాగి ఉన్న బలం కూడా లెక్కలోకి వస్తుంది. పూర్తి రేస్‌లో చైను సెకనుకు దాదాపు 20 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. బారు అడుగు భాగంతో కోస్తే అది మనిషిని దుంగ వైపు లాగుతుంది, పై భాగంతో కోస్తే మనిషి వైపు తోస్తుంది. ఈ రెండూ చేతికి అలవాటయ్యే బలాలే. ముక్కు పై సగం వేరు. అక్కడ పన్ను గుండ్రంగా తిరిగే క్రమంలో ఎదురుగా ఏదైనా తగిలితే ముందుకు పోలేక మొత్తం బారును పైకీ వెనక్కీ, కోసేవాడి ముఖం వైపు ఎగరేస్తుంది. రెప్పపాటు కాలంలో జరిగిపోతుంది కనుక చేతి బలంతో దానిని ఆపడం సాధ్యం కాదు. రంపం ఎగిరినప్పుడు చైనును ఆపే చైను బ్రేకు పని చేస్తోందో లేదో ప్రతిరోజూ పని ముందు చూసుకోవాలి. ముందు పిడిని ఎడమ బొటనవేలు చుట్టి పట్టుకోవాలి. బారు ఉన్న వరసలో తల ఉండకుండా కాస్త ఎడమకు నిలబడాలి. కట్టెల కుప్పలో ఒక దుంగను కోస్తుంటే వెనుక దుంగకు ముక్కు తగలడం అతి మామూలుగా జరిగే ప్రమాదం. అందువల్ల ఒక్కొక్క దుంగనూ కుప్ప నుంచి విడిగా లాగి కోయాలి. భుజం ఎత్తు దాటి రంపం ఎత్తకూడదు, నిచ్చెన మీద నిలబడి అసలే కోయకూడదు.

రంపం దుంగలో ఇరుక్కోవడానికి కారణం చాలావరకు ఒకటే: ఏ పక్క నొక్కుకుపోయి ఉందో చూడకుండా ఆ పక్క నుంచే కోతంతా దించడం. రెండు చివరలా ఆని మధ్యలో వేలాడుతున్న దుంగకు పై భాగం నొక్కుకుని, అడుగు భాగం సాగి ఉంటుంది. అక్కడ పై నుంచి మూడవ వంతు కోసి ఆపి, మిగిలినది అడుగు నుంచి పైకి కోయాలి. ఒక చివర మాత్రమే ఆని రెండవ చివర గాలిలో ఉన్న దుంగకు దీనికి తలకిందులుగా చేయాలి: ముందు అడుగు నుంచి మూడవ వంతు, ఆ తరువాత పై నుంచి. ఈ రెండు సూత్రాలు తెలిసిన మనిషి రంపం చాలా అరుదుగా ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నా రంపాన్ని లాగి పీకకుండా ఇంజిను ఆపి, కోతలో చెక్క చీలను దిగగొట్టి విడిపించుకోవాలి. చీల ఇనుముది అయితే చైనుకు తగిలి పళ్లు పోతాయి.

జీడితోటల్లో తుఫాను తరువాత పని చేసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. జీడి కర్ర మెత్తనిదే గాని, ఆ చెట్టు నేలకు దగ్గర నుంచే కొమ్మలు పరిచి, కూలినప్పుడు వాటి మీదే వాలి నిలబడుతుంది. మాను బరువంతా నాలుగైదు వంగిన కొమ్మల మీద ఉంటుంది. అలా విల్లులా వంగి ఉన్న కొమ్మను ఒక్క కోతతో తెంచితే అది ఎగిరి మనిషిని కొడుతుంది. వంపు లోపలి వైపు నిలబడి, ఆ లోపలి అంచు మీదే కొద్దికొద్దిగా గాట్లు పెడుతూ పీచును ముందుగా బలహీనం చేసి, అది మెల్లగా విరిగేటట్లు చూడాలి. వేళ్లతో సహా పెల్లగిలిన పెద్ద మానును మొదట్లో కోస్తే, మాను బరువు తొలగగానే మట్టితో కూడిన వేళ్ల గడ్డ తిరిగి గుంతలో కూలబడుతుంది. కోత జరుగుతున్నప్పుడు ఆ గుంతలో పిల్లలు గాని పశువులు గాని లేకుండా చూసుకోవడం కోసేవాడి బాధ్యత.

ఇంటి దగ్గర కట్టెలు ముక్కలు చేసేటప్పుడు నేల మీద పెట్టి కోయడం కంటే, నాలుగు కర్రలతో రెండు గుణకారపు గుర్తులు కట్టి, వాటి మధ్య దుంగను పెట్టుకుని కోస్తే నడుముకూ చైనుకూ మేలు. తోట నుంచి కట్టెలు బండి కెక్కించే ముందు అటవీశాఖ రేంజి ఆఫీసులో ఒక మాట అడగడం మరవకూడదు. ఒడిశా కలప, ఇతర అటవీ ఉత్పత్తుల రవాణా నియమాలు 1980 నుంచి అమలులో ఉన్నాయి. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది, మిగిలినవాటికి సొంత తోటలోదైనా రవాణా అనుమతి కావాలి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కూతవేటు దూరమే అయినా మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది కనుక ఆ కాగితం మరింత అవసరం.

రంపం పట్టే మనిషి ఒంటి మీద ఏముండాలనే దానిలో మన వైపు చాలా నిర్లక్ష్యం ఉంది. లుంగీ, మెడలో వేలాడే తువ్వాలు, హవాయి చెప్పులు, ఈ మూడూ రంపం దగ్గరికి రాకూడనివి. తువ్వాలు చైనులో పడితే మెడ వెంట వస్తుంది. కాళ్లకు కట్టుకునే రంపపు రక్షణ పట్టీలలోని పొడవాటి దారాలు చైనుకు చుట్టుకుని దానిని ఆపేస్తాయి. మే నెల ఎండలో అవి ఉక్కగానే ఉంటాయి. అందుకే పనిని ఉదయం పదింటిలోపు ముగించుకోవాలని నేను చెబుతాను గాని, పట్టీలు విప్పి మధ్యాహ్నం దాకా కోయమని చెప్పను. ముందు భాగంలో ఉక్కు ఉన్న బూట్లు, కళ్లకు మూసి ఉండే అద్దాలు, చెవులకు మఫ్‌లు తప్పనిసరి. ఈ యంత్రం మోత 100 డెసిబెల్స్ దాటుతుంది, ఏళ్ల తరబడి అలాగే విన్న చెవికి పోయిన వినికిడి తిరిగి రాదు. చలికాలం ఉదయాల్లో వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కుతుంటే అది పిడి అదురు వల్ల నరాలకూ రక్తనాళాలకూ జరుగుతున్న హాని. అదురును తగ్గించే రబ్బరు దిమ్మలు అరిగాయేమో చూసి మార్చాలి, మధ్యమధ్య చేతులకు విశ్రాంతి ఇవ్వాలి.

ఒంటరిగా తోటలోకి రంపం తీసుకువెళ్లకూడదు. వెంట వచ్చిన మనిషి కోసేవాడికి దూరంగా, అతని కంటికి కనిపించేటట్లు నిలబడాలి. దుంగ పట్టుకోవడానికి చేయి ముందుకు చాపకూడదు. అతని దగ్గర గాయాన్ని గట్టిగా అదిమి పట్టడానికి శుభ్రమైన మందపాటి గుడ్డ, చార్జింగు ఉన్న ఫోను ఉండాలి. కొండవాలు తోటల్లో చాలా చోట్ల సిగ్నలు అందదు కాబట్టి అది ఎక్కడ అందుతుందో పని మొదలు పెట్టకముందే చూసి పెట్టుకోవాలి. 108కు చెప్పవలసింది తోట యజమాని పేరు కాదు, అంబులెన్సు రాగలిగిన రోడ్డు మీది ఊరి పేరూ మలుపు గుర్తూ.